నల్ల కోటింగ్ కింద ఎర్ర తుప్పు

ముందే చెప్పేస్తున్నా, నేను మెకానికల్ కాదు, సీఎస్‌ఈ. స్క్రూడ్రైవర్ సరిగ్గా పట్టుకోవడం కూడా ఈ సమ్మర్‌లోనే నేర్చుకున్నా. క్లబ్ వాళ్ళు "కవితలు చాలా వచ్చాయి, ఎవరైనా ఏదైనా విషయం వివరించి రాయండి" అన్నప్పుడు నాకు కాస్త గట్టిగా తెలిసిన విషయం ఒక్కటే కనిపించింది. పాత కారు అడుగుభాగాన్ని తుప్పు నుంచి ఎలా కాపాడుకోవాలి? ఏప్రిల్, మే రెండు నెలలూ నాకు దీంతోనే గడిచాయి. ఒత్తులూ దీర్ఘాలూ తప్పుపోతే ఎడిటర్ చూసుకుంటారు, తుప్పు సంగతి నేను చూసుకుంటా.

కారు మా తాతయ్యది. 2000 మోడల్ మారుతి 800, తెల్లది. నాకంటే ఆరేళ్ళు పెద్దది. ఇల్లు భీమిలిలో, సముద్రానికి అర కిలోమీటరు కూడా ఉండదు. తాతయ్యకి 74 ఏళ్ళు. కూరగాయలకీ, నాన్నమ్మని కళ్ళాసుపత్రికి వైజాగ్ తీసుకెళ్ళడానికీ ఇప్పటికీ ఆయనే నడుపుతారు.

సొంత కార్లకి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు ఉంటుంది. ఆ తర్వాత ఐదేళ్ళకోసారి బండిని చూపించి, ఫిట్‌నెస్ ఉందనిపించుకుని రెన్యూ చేయించుకోవాలి. 2015లో అయింది, 2020లో అయింది. 2025 జులైలో మూడోసారి. మాకేం టెన్షన్ లేదు, ఎందుకంటే 2022లోనే నాన్న వైజాగ్‌లో ఒక షాపులో కారు కింద "యాంటీ రస్ట్ కోటింగ్" కొట్టించారు. పొద్దున ఇస్తే సాయంత్రానికి ఇచ్చేశారు. కింద అంతా నల్లగా, రబ్బరులాగా, కొత్త కారులా ఉంది. వారంటీ కార్డు కూడా ఇచ్చారు. ఆ రోజు నుంచి కారు కింద ఎవ్వరం తొంగి చూడలేదు.

సెమ్ ఎగ్జామ్స్ అయ్యాక భీమిలి వెళ్తే వెనక ఎడమ టైరు పంక్చర్. స్టెప్నీ నేను మారుస్తానన్నా. తాతయ్య ఒక చూపు చూసి జాకీ ఇచ్చారు. పెట్టాల్సిన చోటే పెట్టా. తిప్పుతున్నా, జాకీ లేస్తోంది, కారు మాత్రం లేవట్లేదు. కాసేపు నాకేం అర్థం కాలేదు. తర్వాత అప్పడం విరిగినట్టు కరకరమని చప్పుడు. వంగి చూస్తే జాకీ తల రన్నింగ్ బోర్డులోకి దిగిపోయి ఉంది. (తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పొడుగ్గా డబ్బాలా ఉంటుందే, దాన్నే షెడ్డుల్లో రన్నింగ్ బోర్డు అంటారు.) నల్ల కోటింగ్ ఏమీ చెదరలేదు. దాని వెనక ఉండాల్సిన ఇనుము లేదు, అంతే.

మర్నాడు టింకరింగ్ షెడ్డుకి తీసుకెళ్ళాం. మేస్త్రీ కారుని లేపి, కింద దుంగలు పెట్టి, స్క్రూడ్రైవర్ పిడితో అడుగంతా తడుతూ వెళ్ళారు. మంచి చోట టంగుమంటుంది, పోయిన చోట బొద్దుగా వినిపిస్తుంది. డ్రైవర్ సీటు కింద బొద్దుగా వినిపించింది. స్క్రూడ్రైవర్ తిప్పి మొనతో గుచ్చారు. సులువుగా దిగిపోయింది. కోటింగ్ అట్టలా ఊడొచ్చింది, దాని లోపలి వైపు పొరలు పొరలుగా తుప్పు అంటుకుని ఉంది. "పైన రంగుంది గానీ లోన ఇనుం ఏదీ బాబూ" అన్నారు. తర్వాత సీటు బెల్టు బోల్టు వేలితో చూపించారు. దాని చుట్టూ జానెడు మేర రేకు మెత్తబడిపోయింది. ఎక్కడైనా గుద్దుకుంటే బెల్టు తెగదు, బోల్టుతో సహా ఊడి చేతికొస్తుంది. తాతయ్య ఎన్నాళ్ళ నుంచి అలా నడుపుతున్నారో ఎవరికీ తెలీదు.

ఇక్కడొక విషయం అర్థం చేసుకోవాలి. పాత జీపుకో బొలెరోకో కింద విడిగా ఛాసిస్ ఫ్రేమ్ ఉంటుంది, బాడీ దాని మీద కూర్చుంటుంది. మారుతి 800కి, ఆ మాటకొస్తే ఈ రోజు మనం చూసే మామూలు కార్లలో ఎక్కువ వాటికి, అలా విడి ఫ్రేమ్ లేదు. మిల్లీమీటరు కూడా మందం లేని రేకుల్ని మడిచి, అతికించి, ఆ మడతలతోనే బలం తెప్పిస్తారు. రన్నింగ్ బోర్డు, ఫ్లోర్, వాటి కింద అడ్డంగా వెళ్ళే ఛానెళ్ళు, ఇవే దాని ఎముకలు. డోరు మీద తుప్పు పడితే చూడ్డానికి బాగోదు. ఫ్లోర్‌కి పడితే అది వేరే కథ.

ఆ రాత్రి నాన్న ఫోన్‌లో "స్క్రాప్‌కి ఇచ్చేద్దాం" అన్నారు. తాతయ్య వాదించలేదు. "సరేలే, ఆసుపత్రికి ఆటో మాట్లాడుకుంటాం" అని లోపలికెళ్ళిపోయారు. దానికంటే తిట్టుంటే బాగుండేది. మేస్త్రీ మాత్రం, ఇంజిన్ వైపు ఛానెళ్ళు గట్టిగానే ఉన్నాయి, ఫ్లోర్ సగం, ఎడమ రన్నింగ్ బోర్డు మారిస్తే బండి నిలబడుతుంది, 18 వేలవుతుందన్నారు. నాన్న ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. మళ్ళీ ఇలా అవకుండా ఏం చేయాలో నేను కనుక్కోవాలట. అలా ఇది నా ప్రాజెక్ట్ అయింది.

మనందరం ఫస్ట్ ఇయర్ కెమిస్ట్రీలో కరోజన్ యూనిట్ చదివాం. చదివాం అంటే బట్టీ పట్టాం. "డిఫరెన్షియల్ ఏరేషన్" అని ఒక ప్రశ్న, నేను బొమ్మతో సహా రాసి వచ్చి మర్చిపోయా. అదే కారు కింద జరుగుతోందని అప్పుడు తెలిసుంటే ఇంకొంచెం శ్రద్ధగా చదివేవాణ్ణేమో.

సంగతేంటంటే, ఇనుము తుప్పు పట్టడానికి నీళ్ళూ ఆక్సిజనూ రెండూ కావాలి. ఉప్పు ఉంటే ఆ నీళ్ళలో కరెంటు బాగా పారుతుంది, పని వేగంగా అవుతుంది. ఇంతవరకు అందరికీ తెలుసు. తెలియనిది ఏంటంటే, ఆక్సిజన్ ఎక్కడ ఎక్కువ అందితే అక్కడ కాదు, ఎక్కడ తక్కువ అందితే అక్కడ ఇనుము కరుగుతుంది. 1920లలో కేంబ్రిడ్జ్‌లో యూలిక్ ఎవాన్స్ అనే ఆయన దీన్ని ఒక్క ఉప్పునీటి చుక్కతో చూపించాడు. మెరిసే ఉక్కు రేకు మీద చుక్క వేసి, రంగు మారే రసాయనాలు కలిపి చూస్తే, గాలి బాగా తగిలే చుక్క అంచు ఒక రంగుకీ, గాలి అందని మధ్యభాగం ఇంకో రంగుకీ మారాయి. గుంట పడింది మధ్యలో. ఒక్క చుక్కలోనే బ్యాటరీ తయారైపోయింది.

ఇప్పుడు ఆ చుక్క స్థానంలో వీల్ ఆర్చ్ మూలలో ఇరుక్కున్న తడి బురద ముద్దని ఊహించుకోండి. బురద కింద గాలి అందదు. అక్కడ ఇనుము కరుగుతుంది. రెండు రేకులు కలిసే సందు కూడా అంతే. సరిగ్గా అంటుకోని కోటింగ్ కింద చేరిన తడి కూడా అంతే! 2022లో పొద్దున ప్రెజర్‌తో కడిగి, సాయంత్రానికే స్ప్రే చేసేశారంటే సందుల్లో నీళ్ళు ఆరే టైమే లేదు. ఉన్న తుప్పు గీకారా అంటే అదీ లేదు. తుప్పు మీద, తడి మీద నల్ల రబ్బరు పరిచి వదిలేశారు. మన భాషలో చెప్పాలంటే, ఎక్సెప్షన్‌ని క్యాచ్ చేసి బ్లాక్ ఖాళీగా వదిలేయడం. ప్రోగ్రామ్ ఆగదు, ఎర్రర్ కనపడదు, లోపల మాత్రం అన్నీ పాడవుతుంటాయి.

పైగా అల్యూమినియం మీద పొర గట్టిగా అతుక్కుని లోపలి లోహాన్ని కాపాడుతుంది గానీ, తుప్పు అలా కాదు. అది గుల్ల. నీళ్ళు పీలుస్తుంది. పోయిన ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి ఉబ్బుతుంది, ఉబ్బి కోటింగ్‌ని లేపుతుంది, లేచిన చోట ఇంకాస్త తడి చేరుతుంది.

సముద్రం పక్కన ఉన్నవాళ్ళకి ఇంకో బాధ. వర్షాకాలంలో వంటింట్లో కళ్ళుప్పు జాడీ చెమ్మగిల్లడం చూసే ఉంటారు. గాల్లో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు గాల్లోంచే నీళ్ళు లాక్కుని తనే ద్రవంగా మారిపోతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కి అంత తేమ కూడా అక్కర్లేదు, అందులో సగమున్నా చాలు. మా వైపు గాల్లో తేమ సంగతి మీకు తెలుసు. అంటే వాన పడకపోయినా, కారు కదలకపోయినా, షెడ్డులో నిలబెట్టినా, అడుగున ఉప్పు పేరుకుందంటే అది రాత్రంతా తడిగానే ఉంటుంది. "మా బండి వానలో తిరగదండీ" అంటే సరిపోదు.

తాతయ్య వారం వారం కారు కడుగుతారు, దేనితో? బోరు నీళ్ళతో. మా వీధి బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉంటాయి. పాతికేళ్ళుగా ప్రేమగా ఉప్పునీళ్ళతో స్నానం చేయించాం. ఇది కనిపెట్టినప్పుడు నేను గొప్పగా ఫీలయ్యి చెప్పబోయా గానీ, తాతయ్య మొహం చూసి ఊరుకున్నా. ఇప్పుడు కింద భాగానికి మాత్రం కుళాయి నీళ్ళు రెండు బకెట్లు పక్కన పెడుతున్నారు.

సరే, ఏం చేశామో చెప్తా. వెల్డింగ్ నాలాంటివాళ్ళు ముట్టుకునే పని కాదు, పెట్రోల్ ట్యాంక్ పక్కనే ఉంటుంది. మేస్త్రీ కుళ్ళిన రేకుని ఆరోగ్యంగా మెరిసే ఇనుము తగిలేదాకా కోసేసి, కొత్త రేకు మడిచి సీఓటూ వెల్డింగ్ చేశారు. కొంతమంది చిల్లు మీద ఎం-సీల్ పెట్టి, పైన రంగేసి ఆర్‌టీఓ ఆఫీసుకి తీసుకెళ్తారు. బెల్టు బోల్టు ఆ ఎం-సీల్‌ని పట్టుకుని ఉంటుందన్నమాట. ఫిట్‌నెస్ ఎవరికోసమో అర్థం కాని వాళ్ళు చేసే పని అది.

మిగతా అడుగంతా నా వాటా. పాత కోటింగ్ ఎక్కడ లేచిందో అక్కడ మొత్తం గీకాలి, గట్టిగా అంటుకుని ఉన్నచోట వదిలేయొచ్చు. స్క్రాపర్, తర్వాత వైర్ బ్రష్, తర్వాత ఎమరీ. ఎమరీ పేపర్‌ని మేస్త్రీ "ఉప్పు కాగితం" అంటారు. ఉప్పు చేసిన పాపాన్ని ఉప్పు కాగితంతోనే కడుక్కుంటున్నానని నేను జోకు వేస్తే ఎవరూ నవ్వలేదు. మొదటి రోజే కంట్లో తుప్పు రజను పడి సాయంత్రం దాకా ఏడ్చా. కళ్ళజోడు లేకుండా కారు కింద పడుకోకండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి అస్సలు పడుకోకండి, కింద స్టాండ్లో దుంగలో ఉండాలి, చక్రాలకి అడ్డు ఉండాలి.

గీకాక మంచినీళ్ళతో కడిగి, రెండు రోజులు పూర్తిగా ఎండనిచ్చాం. మే నెల ఎండ ఒక్కందుకైనా పనికొచ్చింది. ఎంత గీకినా గుంటల్లో సన్నటి తుప్పు మిగులుతుంది. దానికి రస్ట్ కన్వర్టర్ అని దొరుకుతుంది. కొన్నింటిలో ఫాస్ఫారిక్ ఆసిడ్, కొన్నింటిలో టానిక్ ఆసిడ్ ఉంటుంది. నేను రెండో రకం తెచ్చా. ఎర్రగా ఉన్న చోట రాస్తే, చూస్తుండగానే నల్లగా మారిపోతుంది. ఇది సాహిత్యం క్లబ్ కాబట్టి ఒక పక్కమాట: శ్రీకాళహస్తి కలంకారీలో నల్లరంగు పుట్టేది కూడా ఇలాగే. బట్టని ముందు కరక్కాయ రసంలో ముంచుతారు, కరక్కాయలో ఉండేది టానినే. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు బెల్లం నీళ్ళలో పులియబెట్టి, ఆ నీళ్ళతో కలం గీస్తే గీత నల్లబడుతుంది. కారు కింద వెల్లకిలా పడుకుని నేను చేసింది కూడా ఒకరకం కలంకారీయే, బొమ్మలు మాత్రం రాలేదు. అయితే ఈ కన్వర్టర్ పల్చటి, గట్టిగా పట్టుకున్న తుప్పు మీదే పని చేస్తుంది. పొరలు ఊడే తుప్పు మీద రాస్తే పై పొర నల్లబడుతుంది, కిందది దాని మానాన అది తింటూనే ఉంటుంది.

దాని మీద ప్రైమర్. షెడ్డులో మామూలుగా రెడ్ ఆక్సైడ్ కొడతారు, మేం కొంచెం ఖర్చు పెట్టి ఎపాక్సీ ప్రైమర్ కొట్టించాం. ఎపాక్సీ నీళ్ళని బాగా ఆపుతుంది. రేకుల అతుకుల్లో సీలెంట్. అప్పుడు, అన్నిటికంటే చివర, నల్ల కోటింగ్. అంటే 2022లో మాకు మొదటి పనీ చివరి పనీ అయిన కోటింగ్, నిజానికి చివరి పది శాతం పని. సైలెన్సర్, బ్రేక్ పైపులు, రబ్బరు బుష్‌లు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్, వీటి మీద పడకుండా పేపర్ చుట్టాలి.

ఇంకొకటి, ఇది నేను అందరికీ చెప్పే విషయం. డోర్ల అడుగున, రన్నింగ్ బోర్డుల అడుగున చిన్న చిన్న కన్నాలుంటాయి. కంపెనీ వాళ్ళు కావాలనే పెట్టినవి. అద్దం పక్క నుంచి దిగిన వాన నీళ్ళు వాటిలోంచి బయటికి పోవాలి. మా కారుకి 2022లో వాటిని కూడా కోటింగ్‌తో మూసేశారు! రన్నింగ్ బోర్డు నీళ్ళ తొట్టి అయిపోయింది. జాకీ దిగిపోయిన చోటు సరిగ్గా అదే. చీపురు పుల్ల పట్టుకుని మీ ఇంటి కారు కన్నాలు ఒకసారి పొడిచి చూడండి, రెండు నిమిషాల పని. బురద రాలితే సంతోషించండి, ఎర్ర పొట్టు రాలితే మేస్త్రీకి ఫోన్ చేయండి.

రన్నింగ్ బోర్డు లోపలికి బ్రష్ వెళ్ళదు, ఎమరీ వెళ్ళదు. వెల్డింగ్ వేడికి లోపలి పెయింట్ కూడా కాలిపోయి ఉంటుంది. అక్కడ మైనం లాంటి క్యావిటీ వ్యాక్స్‌ని సన్నటి గొట్టంతో కొట్టాలి. అది గట్టిపడదు, సందుల్లోకి పాకుతుంది. మా మేస్త్రీ "ఇంజిన్లోంచి తీసిన పాత ఆయిల్ కొట్టించీ బాబూ, పాతకాలం నుంచీ అదే" అన్నారు. పని చేయదని కాదు, చేస్తుంది. కానీ అది రబ్బరుని ఉబ్బిస్తుంది, బ్రేకుల మీద పడితే ప్రమాదం, చుక్క చుక్కగా మా బావి పక్కన మట్టిలోకి దిగుతుంది. నేను వద్దన్నా. పెద్దాయన కొంచెం నొచ్చుకున్నారు.

టొరంటోలో ఉండే మా పెద్దమ్మ కొడుకుని అడిగా. అక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీదే ఉప్పు చల్లుతారు, అందుకని చాలామంది ప్రతి ఏడాదీ చలి మొదలవకముందే కారు కింద తుప్పుకి వాడే పల్చటి నూనె కొట్టిస్తారట. "ప్రతి ఏడాదా, మళ్ళీ మళ్ళీనా?" అన్నా. "కొట్టించే ప్రతిసారీ ఎవరో ఒకరు కిందకి దూరి చూస్తారు కదరా" అన్నాడు. ఐదేళ్ళ వారంటీ కార్డు మా చేత చూడ్డం మానిపించింది, వాళ్ళ ఏడాది నూనె వాళ్ళ చేత చూయిస్తోంది. నాకైతే అన్నయ్య పద్ధతే నచ్చింది.

బ్యాటరీకి తగిలిస్తే తుప్పు ఆగిపోతుందని అమ్మే డబ్బాలు కూడా ఆన్‌లైన్‌లో చూశా. కొనబోయి ఆగా. ఆ సూత్రం నిజమే. ఓడల అడుగున జింకు దిమ్మలు బిగిస్తారు, ఇనుముకి బదులు జింకు కరుగుతుంది. హంఫ్రీ డేవీ 1824లోనే బ్రిటిష్ నేవీ ఓడల రాగి తొడుగుల మీద ఇలాంటిది చేసి చూపించాడు. రాగి కరగడం ఆగింది గానీ, ఆ కరిగే రాగికి భయపడే నత్తలూ నాచూ దర్జాగా వచ్చి అంటుకున్నాయట. కానీ ఓడ చుట్టూ ఎప్పుడూ సముద్రం ఉంటుంది, కరెంటు తిరిగి రావడానికి దారి ఉంటుంది. కారు చుట్టూ ఉండేది గాలి. విడివిడి చుక్కల మధ్య ఆ డబ్బా చేసేదేమీ లేదు.

చివరికి తేలిన అసలు షాక్ వేరే. డ్రైవర్ పక్క సీటు ముందు రబ్బరు మ్యాట్, దాని కింద కార్పెట్ ఎత్తితే, కింద దళసరి ఫెల్ట్ తడిసి ముద్దగా ఉంది, వాసన. వాన లేదు కదా ఎలా? ఏసీ నీళ్ళు బయటికి పోయే గొట్టం మట్టితో పూడుకుపోయి, ఆ నీళ్ళు లోపలికే కారుతున్నాయి. ఫ్లోర్ ఆ వైపు కింద నుంచి కాదు, పైనుంచి తినేసింది! కింద ఎంత ఖరీదైన కోటింగ్ వేసినా ఏం లాభం? గొట్టం ఊదితే క్లియర్ అయింది. ఫెల్ట్ పారేసి, ఎండబెట్టి, లోపల కూడా ప్రైమర్ కొట్టాం. ప్లాస్టిక్ కవర్ కూడా తీసేయించా, అది గాలి ఆడనీయక తడిని లోపలే ఉంచుతుంది. దాని బదులు రేకుల షెడ్డు నీడ చాలు.

మొత్తం ఖర్చు 23 వేల చిల్లర అయింది. అమ్మితే కారుకి అంతకంటే పెద్ద ఎక్కువేం రాదని నాన్న రెండుసార్లు గుర్తుచేశారు. జులైలో ఫిట్‌నెస్ అయిపోయింది, 2030 దాకా ఆర్‌సీ ఉంది.

అంతకు ముందే జూన్‌లో మొదటి పెద్ద వాన పడింది. ఆగాక గొడుగు పక్కన పడేసి, ఫోన్ టార్చ్ వేసుకుని, తడి గచ్చు మీద కారు పక్కన పడుకుని చూశా. ఎడమ రన్నింగ్ బోర్డు కన్నంలోంచి నీళ్ళు చుక్క చుక్కగా బయటికి పడుతున్నాయి. తాతయ్య వరండాలోంచి "కారుతోందేంట్రా?" అని కంగారుగా అడిగారు. "కారుతోంది తాతయ్యా, బాగానే కారుతోంది" అన్నా.